ఆరు చుక్కల రాయి

గత నెలలో ఒక మంగళవారం పొద్దున, అట్ట మీద వేసిన జిగురు చుక్కలు ఆరాయా లేదా అని చూసుకుంటుంటే ఫోను మోగింది. ఆళ్లగడ్డ దగ్గరి అంధుల బడి వంటమ్మ. "అన్నా, మేడం లేదన్నా. టీ తాగుతాండె. అట్లే పక్కకు ఒరిగిపాయ."

ముందురోజు సాయంత్రం నాతో అరగంట మాట్లాడిన మనిషి. "ఏ మేడం?" అన్నాను. ఆ బడిలో నాకు తెలిసిన మేడం ఒక్కరే. "పదింటి బస్సుకు వస్తాండా, ఆమెకు అట్ట చూపించల్ల" అని కూడా అన్నాను.

నాకు నంద్యాలలో చిన్న డీటీపీ షాపు ఉంది. పెళ్లి పత్రికలూ ఫ్లెక్సీలూ నా పని. ఒకరోజు మేడం కర్ర తాటించుకుంటూ వచ్చి, బడి గేటు పక్కన బడి పేరు బ్రెయిలీలో రాతి మీద చెక్కించాలన్నారు. పిల్లలు తమ బడి పేరు తామే చదువుకుని లోపలికి రావాలని ఆమె కోరిక. ఆమెకూ పుట్టుకతో చూపు లేదు.

బ్రెయిలీలో ఒక్కో అక్షరానికి ఆరు చుక్కల గడి ఒకటి, వాటిలో ఆ అక్షరానివి మాత్రమే ఉబ్బెత్తుగా లేస్తాయి. నేను కంప్యూటరులో ఆ గడులు టైపు చేసి, ప్రింటు తీసి ఆళ్లగడ్డ శిల్పికి ఇచ్చాను. నేను వాడిన ఫాంటులో లేచిన చుక్క నల్లగా, లేవని చుక్క చిన్న సున్నాలా కనిపిస్తుంది. మా శిల్పి అన్న నల్లవీ సున్నాలూ తేడా లేకుండా అన్నిటినీ ముచ్చటగా, ఉబ్బెత్తుగా చెక్కేశాడు. మేడం ఈ కొస నుంచి ఆ కొసదాకా వేళ్లు నడిపి నవ్వారు.

"మేం రాసేటప్పుడు తప్పుపోతే ఆ గడిలో ఆరు చుక్కలూ పొడిచి కొట్టేస్తాం. మీరిద్దరూ కలిసి నా బడినే కొట్టేసినారు కదప్పా."

అక్కడే కూర్చోబెట్టి లెక్క నేర్పారు. గడిలో ఎడమ వరుసలో పై నుంచి కిందికి ఒకటి, రెండు, నాలుగు. కుడి వరుసలో ఎనిమిది, పదహారు, ముప్పై రెండు. లేచిన చుక్కల విలువలు కూడితే, కంప్యూటరులోని బ్రెయిలీ వరుసలో అదే ఆ గడి నంబరు. తెలుగు 'క'కు ఎడమ వరుసలో పైదీ కిందిదీ లేస్తాయి, అంటే ఐదు. ఇంగ్లీషు 'కె'కూ అదే ఐదు.

"మరి ఏ భాషో కంప్యూటరుకెట్ల తెలుస్తాది మేడం?"

"దానికెందుకప్పా? యాడ చుక్క లేచిందో అంతే దాని గుర్తు. భాష ఏందో వేలు చూసుకుంటాది."

ఏ చుక్కా లేవని గడికి కూడా సున్నా అని ఒక చోటుంది. దాని బదులు స్పేసు కొడితే గద్దించేవారు.

ఆ రోజు నుంచి ఒకటే షరతు పెట్టారు. "నా వేలు పెట్టందే ఉలి పెట్టొద్దండి." అందుకని ప్రింటును అట్టకు అంటించి, లేచిన చుక్కలకే జిగురు బొట్లు పెట్టి, ఆరాక ఆమెకు చూపించాలి. పెళ్లిళ్ల సీజనని దాన్ని రెండు నెలలు నానబెట్టింది నేనే. ప్రతి సోమవారం ఫోను చేసేవారు. "అట్ట ఆరిందా అప్పా?" ఒక్కసారి కూడా విసుక్కోలేదు. విసుక్కుని ఉంటే నాకు ఇప్పుడు కాస్త నయంగా ఉండేది.

మేడం పెద్ద కర్మ అయ్యాక అట్ట పట్టుకుని శిల్పి దగ్గరికి వెళ్లాను. ఆయన పరాకున, "మేడం వేలు పెట్టిందా?" అని అడిగి తల దించుకున్నాడు. ఆమె నేర్పిన లెక్కతోనే ఒక్కో గడీ సరిచూశాం. ఆయన చుక్కలు చెప్పాడు, నేను వాటి విలువలు కలిపాను. మూడు రోజుల్లో కొత్త రాయి తయారైంది.

రాతి పొడి ఊదేసి ఇద్దరం నిలబడ్డాం. దాని మీద మొదట ఎవరి వేలు పెట్టాలో మా ఇద్దరికీ తెలియలేదు. గోనెపట్టా కప్పి వచ్చేశాం.