గడిలో గాలిమిషను

నా చిన్నప్పుడు పాలకుర్తి దిక్కున మా ఊళ్లో మోటారు కారు ఉన్న ఇల్లు మాదొక్కటే. కుంకుమ రంగు కారు. దుమ్ము లేపుకుంటూ వస్తుంటే ఎంత దూరం నుంచైనా మాదేనని తెలిసిపోయేది. ఆ ఇంటి పేరు ఇక్కడ రాయను. సిగ్గుపడి కాదు, ఇప్పుడు ఆ పేరుతో ఎవరికీ పని లేదు గనుక.

కారు కొన్నప్పుడు బూడిద రంగులో ఉండేది. పదిమందిలో తెలియాలని మా బాపు, అంటే మా తండ్రి, గడిలోనే, అంటే దొరలమైన మా కోటలాంటి ఇంట్లోనే, దానికి కుంకుమ రంగు వేశాడు. పట్నంలో చదువుకునే రోజుల్లో సరదాగా నేర్చుకున్న విద్య అది. పిచికారీతో రంగు కొట్టాలంటే గాలిమిషను కావాలి. ఇప్పటివాళ్లు కంప్రెసర్ అంటున్నది దాన్నే. సికింద్రాబాదు దుకాణంలో రెండు రకాలు చూపించారట. ఒకటి ఇంజనుతో తనంతట తానే గాలి నింపుకునేది. రెండోది మనిషి నిలబడి పిడి కొడుతుంటే నిండేది. ఇంజనుదైతే గాలి ఒకే తీరుగా వస్తుందని దుకాణదారు చెప్పాడట. "పిడి కొట్టెటందుకు మనుషులు కరువా మాకు?" అని నవ్వి బాపు చేతిమిషను తెచ్చాడు. అప్పుడు ఆ మాటలో తప్పేమీ కనిపించలేదు. జీతగాళ్లు వంతులు వేసుకుని పిడి కొట్టారు. కారు నిగనిగలాడింది.

తర్వాత దొరల మీద రైతులు, కూలీలు తిరగబడ్డ సంఘం రోజులు వచ్చాయి. ఒక దిక్కు నిజాం పక్షాన రజాకార్లు ఊళ్లు తగలబెడుతున్నారు. ఇంకో దిక్కు సంఘంవాళ్లు గడీల మీద పడుతున్నారు. దంతాలపల్లి దారిలో తుప్పల చాటు నుంచి వచ్చిన ఒడిసెల రాయి మా డ్రైవరు కణత పగలగొట్టింది. బాపు శవాన్ని పక్కకు నెట్టి తానే నడుపుకుంటూ ఇల్లు చేరాడు. తలుపు తీస్తే కాళ్లు పెట్టే చోట రక్తం గడ్డకట్టి ఉంది. ఆ రాయి ఎవరికోసం విసిరారో బాపుకు తెలుసు. కేసముద్రం స్టేషనుకు చేరి రైలెక్కితే ప్రాణం దక్కుతుంది. కుంకుమ రంగు కారుతో మాత్రం చేరలేడు. కారుతోపాటు వచ్చిన బూడిద రంగు డబ్బాలు ఇంకా ఇంట్లోనే ఉన్నాయి. కారు ఆనవాలు మార్చేందుకు వాటిని బయటికి తీశాడు.

అప్పటికే వెట్టి చేయొద్దని సంఘం చాటింపు వేసింది. డ్రైవరు చచ్చిన రోజే కాపలావాళ్లు పారిపోయారు. మా అమ్మ నా పురిట్లోనే పోయింది. గడిలో మిగిలింది నేను, బాపు, మా తాతయ్య. నేను పిడి పట్టుకుని వేలాడాను గాని అది కదల్లేదు. పిడి కొడుతూ పిచికారీ పట్టడం ఒక్కడి వల్ల అయ్యే పని కాదు.

ఆ పొద్దున మా ఎడ్ల జీతగాడు దొడ్డి గోడ దూకి వచ్చాడు. మాకోసం కాదు, ఎడ్లు ఆకలికి అరుస్తుంటే వినలేక. బాపు అతన్ని జుట్టు పట్టి ఈడ్చుకొచ్చి మిషను ముందు నిలబెట్టాడు. అతను పిడి కొట్టాడు. మాగిన అరటిపండు లాంటి రంగు వాసన వాకిలంతా కమ్ముకుంది. ఎండ ఎక్కేసరికి అతని చేతులు పడిపోయాయి. గాలి తగ్గి, రంగు పొగలా పడాల్సింది బొట్లుబొట్లుగా కారింది. బాపు చర్నాకోల అందుకున్నాడు. అంగీ చిరిగింది, దాని కింద తోలు చిరిగింది. అతను పిడి వదిలేసి నేలమీద కూర్చున్నాడు.

"సంపు దొరా. ఇగ నా తోని గాదు."

బాపు తుపాకి తెచ్చి అతని గుండెకు గురిపెట్టాడు.

మా తాతయ్య అరుగు మీద పడక్కుర్చీలో ఉన్నాడు. కింద పడ్డ రుమాలు తానుగా తీసుకోవడం నేను ఎన్నడూ చూడని మనిషి. ఆయన మెట్లు దిగి వచ్చి తుపాకి గొట్టాన్ని పైకి తన్నాడు. గుండు పెంకుల్లోకి పోయింది. బాపు చెంప మీద ఒక్కటి కొట్టి, తుపాకి గుంజుకుని బావిలో వేశాడు. జీతగాణ్ణి చూసి "నువు పోరా" అన్నాడు. తలపాగ విప్పి నా చేతిలో పెట్టి పిడి పట్టుకున్నాడు.

"ఏం చూస్తున్నవ్‌రా? వెయ్యి రంగు."

ఆయన మనసు కరిగిందని నేను రాయను. తన కాలంలో ఆయనా జనాన్ని కొట్టించినవాడే. కానీ ఆ పూట వంగుతూ లేస్తూ పిడి కొడుతూనే ఉన్నాడు. బాపు పిచికారీ అందుకుని రంగు వేశాడు.

తుపాకి చప్పుడు విని ఊరు కదిలింది. మొద్దు పెట్టి దర్వాజ బద్దలు కొట్టారు. గొడ్డళ్లు, గుతప కర్రలు, ఒడిసెలలు. ముందువాళ్లు తాతయ్యను చూసి ఆగిపోయారు. ఒకడు పకపకా నవ్వాడు.

"ఏంది పెద్దదొరా, నీకు గూడ పడ్డదా వెట్టి? ఎవలికి చేస్తున్నవే?"

తాతయ్య పిడి ఆపలేదు. "నా కొడుక్కు. ఇంకెవడు చేస్తడు వీనికి?"

నవ్వు అంతటితో ఆగింది. బాపును ఈడ్చారు. కుడిచేతిని కారు మెట్టు మీద పెట్టి గడ్డపారతో కొట్టారు. ఎముక విరిగిన చప్పుడు, ఆపైన బాపు అరుపు. మెడ మీదికి గొడ్డలి లేచింది. అప్పుడు జనంలోంచి జీతగాడు అడ్డం వచ్చాడు. చిరిగిన అంగీ వీపుకు అంటుకుపోయి ఉంది.

"ఆగున్రి. నన్ను కొట్టిన చెయ్యి ఇరిగింది, ఇగ సాలు."

"ఏందిరో, ఇంకా దొరంటె బుగులేనా నీకు?"

"బుగులు గాదు. ముసలాయన అడ్డం రాకుంటె నేను పొద్దుగాల్నే సచ్చిపోతుంటి. ఆయిన చేతులు సూడున్రి."

తాతయ్య అప్పుడు పిడి వదిలాడు. అరచేతుల తోలు దానికే అంటుకుని వచ్చింది. గొడ్డలి పట్టినవాడు ఆ చేతులు చూశాడు. గొడ్డలి తిప్పి కారు అద్దం మీద వేసి, మా దిక్కు తిరిగాడు. "నడువున్రి. మల్ల గీ ఊళ్లె కనబడొద్దు."

కారుకు నిప్పు పెట్టారు. మంట దొడ్డి దిక్కు పాకుతుంటే జీతగాడు ఎడ్ల పలుపులు విప్పడానికి ఉరికాడు. మేం ముగ్గురం పొలాలకు అడ్డంపడి కేసముద్రం నడిచాం.

దాని తర్వాత మాకు గడి లేదు, భూమి లేదు. బాపు వేళ్లు మళ్లీ ముడుచుకోలేదు. కొన్నాళ్లు ఆయనకూ తాతయ్యకూ నేనే అన్నం కలిపి పెట్టాను. నాలో దొరతనం పోలేదని ఇంట్లో ఇప్పటికీ అంటారు. నిజమే, నడుము వంచి ఎవరినీ ఏదీ అడగలేదు, ఇక అడగను. కానీ ఎవరికైనా పని చెప్పబోయే ముందు నా చూపు వాళ్ల మొహం మీదికి పోదు, అరచేతుల మీదికి పోతుంది. చాలాసార్లు నోటిదాకా వచ్చిన మాట మింగేసి, లేచి, ఆ పని నేనే చేసుకుంటాను.