కుక్కర్ కూత తెలిసిన ఇంగ్లీషాయన

విమల వదిన పోయిందట.

నిన్న పొద్దున హైడెల్‌బర్గ్ నుంచి వాళ్ళబ్బాయి కిరణ్ ఫోన్ చేశాడు. "అత్తయ్యా, అమ్మ ఇక లేదు. నిద్రలోనే..." అన్నాడు.

నమ్మలేదు నేను. మొన్న ఆదివారం వీడియో కాల్‌లో నా కొత్త కళ్ళజోడు చూసి, "అచ్చం జడ్జిలా ఉన్నావు వదినా, ఎవరికి వేస్తున్నావు శిక్ష?" అని నవ్వింది. ఆ మనిషి లేకపోవడమేంటి?

చేతిలో కాఫీ చల్లారిపోయింది. తాగబుద్ధి కాలేదు.

నాకు రాయడం రాదు. నేను చెప్తుంటే మా కోడలు స్వప్న టైప్ చేస్తోంది. ఒక్క ముక్క మార్చినా ఊరుకోనన్నాను.

వదిన డాక్టర్‌గారి భార్యగా ఇక్కడ జర్మనీలో తెలుగువాళ్ళందరికీ తెలుసు. నోరు తెరిస్తే "ఒక ఇంగ్లీషాయన అన్నాడూ..." అనేది. ఎప్పుడో రాజుల కాలంలో లండన్‌లో నవ్వు నాటకాలు రాసినాయనట. ఆయన బుక్ వంటింటి కిటికీలో ఉండేది. కాదనను.

కానీ నాకు మొదటినుంచీ డౌటే.

ఒక ఉగాదికి హాల్లో ఒకాయన మైక్ వదలకుండా తన గొప్పలు చెప్పుకున్నాడు. ఆయన దిగగానే వదిన మెల్లిగా అంది. "ఆ ఇంగ్లీషాయన అన్నాడండీ, కొందరు మగాళ్ళు కుక్కర్ లాంటివాళ్ళని. కూతలే గానీ లోపల పప్పుడకదు."

అందరూ ఘొల్లున నవ్వారు.

ట్రైన్‌లో తిరిగొస్తూ అడిగాను. "వదినా, రాజుల కాలంలో కుక్కర్ ఎక్కడిది?"

"పులిహోర డబ్బా ఒలికిపోతోంది, సరిగ్గా పట్టుకో" అంది.

డబ్బా మూత గట్టిగానే ఉంది. నేను చూసుకున్నాను.

అంతకుముందే ఇంకోటి జరిగింది. వాళ్ళింట్లో భోజనాలు. వదిన వడ్డిస్తూ, ఏ దొర పేరూ ఎత్తకుండా, "పెళ్ళాం మాట వినని మొగుడు లేడు. కాకపోతే ఆ మాట పక్కింటాయన చెప్పాలి" అంది.

ఒక్కరూ నవ్వలేదు. నేను తప్ప.

"విమలా, చారు తీసుకురా" అన్నారు డాక్టర్‌గారు.

కొన్నాళ్ళకి డ్యూసెల్‌డార్ఫ్‌లో ఎవరింట్లోనో విందు. వదిన అదే మాట అంది. ముందు "ఇంగ్లీషాయన అన్నాడూ" అని తగిలించింది, అంతే తేడా. డాక్టర్‌గారు పొలమారేలా నవ్వారు. "ఎంత కరెక్ట్‌గా చెప్పాడండీ మహానుభావుడు!"

నేను వదిన మొహమే చూస్తున్నాను. తలెత్తకుండా పెరుగు వేస్తోంది. నా విస్తరి దగ్గరకొచ్చేసరికి మాత్రం నవ్వాపుకుంటూ పెదవి బిగించింది.

నాకు చదువు లేదు. పేరు చూసి నవ్వడం చేతకాదు. మాట బాగుంటే నవ్వుతాను.

ఇప్పుడు ఇదంతా ఎందుకంటారా?

వచ్చే శుక్రవారం సంతాప సభ. అందులో "అమ్మకి ఇష్టమైన నాటకాలాయన సూక్తులు" అని డాక్టర్‌గారు చదువుతారట. వదిన ఫోటో పక్కన ఆ ఇంగ్లీషాయన బొమ్మ కూడా పెడతారట!

"బుక్‌లో ఒక్కటీ దొరకట్లేదు అత్తయ్యా, నీకు గుర్తున్నవి చెప్పవా?" అని రాత్రి మళ్ళీ ఫోన్ చేసి అడిగాడు కిరణ్.

"దొరకవు నాయనా" అన్నాను.

"వేరే ఎడిషన్‌లో ఉంటాయేమో."

"ఎన్ని తిరగేసినా దొరకవు. అవి మీ అమ్మవి."



డాక్టర్‌గారూ, ఇది మీకే చెప్తున్నా. ఇన్నేళ్ళూ మీరు తెలియక నవ్వారా? తెలిసే ఊరుకున్నారా?

నాకు ఆ డౌట్ కూడా ఉంది.

"ఇది తీసేద్దామా అత్తయ్యా?" అంటోంది స్వప్న. తీయొద్దమ్మా. అలాగే ఉంచు.

శుక్రవారం డార్మ్‌స్టాట్ నుంచి మొదటి ట్రైన్‌కే వస్తాను. ముందు వరసలో కూర్చుంటాను. ఆ దొర పేరు వినపడిందా, లేచి కుక్కర్ సంగతి అడుగుతాను. అందరి ముందూ.

"విమల అంది" అని చదవండి. ఆ ఒక్క ముక్క మీ నోటితో అనండి. ఈసారి దొర లేకుండా నవ్వండి. నవ్వు రాకపోతే ఏడవండి. ఏదైనా ఆమెకే చెందాలి.

వదినా, జడ్జిలా ఉన్నానన్నావుగా. తీర్పు చెప్పేశాను.

వెళ్ళిరా. అక్కడ ఆ ఇంగ్లీషాయన ఎదురైతే నీ మాటలన్నీ ఆయన దగ్గర్నుంచి తిరిగి తీసేసుకో. ఇంక ఎవరి చాటునా దాక్కోకుండా, నీ పేరుతో నువ్వు హాయిగా ఉండు.