కంప్యూటర్‌కు కొత్త కావలి

అవ్వ కంట్లో పొర తీయించాక నాలుగు రోజులు నేను మంథనిలో ఉండాల్సి వచ్చింది. తిరిగి మందమర్రి వచ్చిన పొద్దున, సంచీ కూడా విప్పకుండా కంప్యూటర్ ముందు కూర్చున్నాను. ఆ వారంలో ఇవ్వాల్సిన ప్రశ్నపత్రాలు ఇంకా సగం మిగిలి ఉన్నాయి.

నేను ఇంట్లోనే డీటీపీ పని చేస్తాను. పెళ్ళి కార్డులు, యూనియన్ వాళ్ళ కరపత్రాలు, దశదిన కర్మల కార్డులు వస్తుంటాయి గాని, నాకు పేరు తెచ్చిన పని ఒక ప్రైవేటు స్కూలు పరీక్ష పేపర్లు. ఆ స్కూలు పెద్ద మేడం చేతిరాత కాగితాలను కవర్లో పెట్టి అంటించి, తానే తెచ్చి నా చేతికి ఇచ్చేది. టైపు చేసి, అచ్చు తీసి, నేను మళ్ళీ ఆమె చేతికే ఇచ్చేదాన్ని. తొమ్మిదేళ్ళుగా మధ్యలో ఇంకొక చెయ్యి పడలేదు. మా కాలనీలో ఆ స్కూలు పిల్లలున్న ఇళ్ళు చాలానే ఉన్నాయి. పరీక్షల రోజుల్లో ఆ ఇళ్ళ ఆడవాళ్ళు మాటామంతీకి వస్తే తెర మీద తువ్వాల కప్పేదాన్ని. వాళ్ళు నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేదాన్ని, తువ్వాల మాత్రం తీసేదాన్ని కాదు.

ఆ పొద్దున తెర కింది మూలన ఎర్ర డాలు బొమ్మ ఒకటి కొత్తగా కనిపించింది. తెలుగు టైపు చేసే సాఫ్ట్‌వేర్ తెరవగానే ఒక పెట్టె లేచింది. ఈ ప్రోగ్రాం ఇంటర్నెట్‌లోకి వెళ్ళాలనుకుంటోంది, పోనిస్తారా, ఆపుతారా అని ఇంగ్లిష్‌లో అడిగింది. అన్నేళ్ళలో నా కంప్యూటర్ నన్ను అలాంటి మాట అడగలేదు.

మా ఆయన అప్పుడే డ్యూటీకి తయారవుతున్నాడు. బొగ్గు గనిలో ఆయన సర్దారు. షిఫ్టు మొదలయ్యే ముందు పనిచోటుకు పోయి, గ్యాస్ ఉందా, పైకప్పు నిలుస్తుందా చూసి, ఆయన సరేనంటేనే మిగతావాళ్ళు లోపలికి అడుగు పెడతారు.

"గిదేంది? ఎవలు పెట్టిండ్రు?" అని అడిగాను.

"ఫైర్‌వాల్. బయటోళ్ళు కంప్యూటర్ల చొరవడకుండ."

"మనకు ఇదివరకు లేదా?"

"అది సాలదట. బెల్లంపల్లి షాపాయన పెట్టుకొమ్మన్నడు."

"ఆయన ఇంటికొచ్చిండా?"

"రాలే. ఫోన్ల జెప్పిండు, నేనే పెట్టిన."

ఈ మాటలన్నీ ఆయన బూట్ల తాళ్ళు కట్టుకుంటూనే అన్నాడు. తల ఎత్తలేదు.

బెల్లంపల్లి షాపాయన మాకు కొత్తవాడు కాదు. నలభై దాటిన మనిషి. తండ్రి పనిచేసిన గని మూతబడ్డాక చిన్న గది తీసుకొని కంప్యూటర్లు బాగుచేయడం మొదలుపెట్టాడు. నా కంప్యూటర్ కొన్నది అక్కడే. ఒకసారి హార్డ్ డిస్క్ పాడైతే రెండు రోజులు కూర్చొని నా ఫైళ్ళన్నీ బయటికి తీసి ఇచ్చాడు. ఆయన చెప్పాడంటే సరే అనుకొని ఊరుకున్నాను.

ఊరుకోవడం రెండు రోజులే. ఆ డాలు నన్ను పని చేయనివ్వలేదు. టైపు సాఫ్ట్‌వేర్ బయటికి పోవాలంటుంది. గడియారం బయటికి పోవాలంటుంది. ప్రింటర్ కూడా బయటికి పోవాలంటుంది. ప్రింటర్ నా మోచేతి పక్కనే ఉంది, దానికి బయట ఏం పని? ఆపు అని నొక్కితే ప్రింట్ రావడం ఆగిపోయింది. పోనీ అని నొక్కితే వచ్చింది. ఎందుకో నాకు అర్థం కాలేదు. ఒక పాత నోట్‌బుక్ తీసి, అది అడిగిన ప్రతి పేరూ రాయడం మొదలుపెట్టాను. రెండు పేజీలు నిండాయి. ఇన్ని ప్రోగ్రాములు నా ఇంట్లోంచి ఇన్నేళ్ళుగా నాకు చెప్పకుండానే పోయి వస్తున్నాయా అని మొదటిసారి భయం పట్టుకుంది.

మూడో రోజు పెట్టెలో వచ్చిన పేరు వేరుగా ఉంది. ఈ ప్రోగ్రాం మారింది, మునుపటిలాగే దీన్ని అనుమతించాలా అని అడుగుతోంది. మునుపు అనుమతించింది ఎవరు? నోట్‌బుక్ తిరగేశాను. ఆ పేరు నేను రాసుకోలేదు. ఏం నొక్కాలో తెలియక ఆ పెట్టెను అలాగే వదిలేసి, వంటింట్లోకి పోయి బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టి వచ్చాను. వచ్చేసరికి పెట్టె లేదు.

తెర మీద బాణం కదులుతోంది.

మౌస్ మీద నా చెయ్యి లేదు. ఇంట్లో ఇంకెవరూ లేరు. బాణం నెమ్మదిగా, దేనికో వెతుకుతున్నట్టు పోయి ఒక ఫోల్డర్ తెరిచింది. అందులో మా పెళ్ళి ఫోటోల స్కాన్లు ఉన్నాయి. మూసింది. ఇంకొకటి తెరిచింది. అది స్కూలు పేరుతో ఉన్న ఫోల్డర్. ఎనిమిదో తరగతి లెక్కలు, తొమ్మిదో తరగతి సైన్సు, వరుసగా కనిపిస్తున్నాయి. నేను ఎంతసేపు చూస్తూ నిలబడ్డానో తెలియదు, చాలాసేపు మాత్రం కాదు. గోడ దగ్గరికి పోయి ప్లగ్ పీకేశాను. తెర నల్లబడ్డాక కూడా ఎవరో నన్ను చూస్తున్నట్టే అనిపించి తువ్వాల తెచ్చి కప్పాను.

అప్పుడు నా బుర్ర పరుగు తీసిన తీరు ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. ఈ డాలును పెట్టమన్నది షాపాయన. నా ఫైళ్ళు ఎక్కడుంటాయో తెలిసినవాడు షాపాయన. ఆయన అక్క కాపురం మందమర్రిలోనే, ఆమె పిల్లలు ఆ స్కూల్లోనే చదువుతున్నారు. ఒక్కో ముక్క తెచ్చి పక్కన పెట్టుకుంటూ పోయాను, అన్నీ అతికినట్టే కనిపించాయి. ఫోన్ చేస్తే జాగ్రత్త పడతాడని ఫోన్ చేయలేదు. పొయ్యి ఆర్పి, సీపీయూను దుప్పట్లో చుట్టి, ఒళ్ళో పెట్టుకొని బెల్లంపల్లి బస్సు ఎక్కాను.

షాపులో ఇద్దరు గిరాకీలు ఉన్నారు. వాళ్ళు పోయేదాకా ఆగాల్సింది. ఆగలేదు.

"తమ్మీ, నా కంప్యూటర్ల నువ్వేం పెట్టినవ్?"

ఆయన స్క్రూడ్రైవర్ కింద పెట్టాడు. "ఏమైందక్కా?"

"ఫైర్‌వాల్ పెట్టుకొమ్మని మా ఇంటాయనకు నువ్వే జెప్పినవట గద. గిప్పుడు ఎవలో లోపలికొచ్చి పిల్లల పేపర్లు తెరుస్తుండ్రు. నీ అక్క పిల్లలు గా బడిల్నే సదువుతరు గద."

గిరాకీల్లో ఒకాయన లేచి గుమ్మం దగ్గరికి పోయి నిలబడ్డాడు. షాపాయన ముఖం ఎర్రబడింది, గొంతు మాత్రం పెరగలేదు.

"నేను ఏ ఫైర్‌వాల్ పెట్టుకొమ్మని చెప్పలే అక్కా. మీ ఇంటాయన నాకు ఫోన్ జేసి ఏడాది దాటింది. జర కూసో. ముందు చూద్దాం."

నెట్ వైరు పెట్టకుండానే సీపీయూను తన తెరకు తగిలించి, ఏవేవో తెరిచి చూశాడు. ఒక వరుస చూపించి, "ఇగో, నువ్వే సదువు" అన్నాడు. ఎర్ర డాలు, నేను నోట్‌బుక్‌లో రాసుకోని ఆ రెండో పేరు, రెండూ ఒకే రోజు, పావుగంట తేడాతో కంప్యూటర్‌లోకి ఎక్కాయి. తేదీ చూశాను. మంగళవారం. ఆ రోజు అవ్వ కంటికి మందు చుక్కలు వేస్తూ మంథనిలో ఉన్నాను. మా ఆయనకు వారపు సెలవు.

"గీ రెండోది దూరం నుంచి కంప్యూటర్ నడిపేది అక్కా. ఖరాబుది కాదు, మేం గూడ వాడుతం. గని దీన్ని పెట్టినోడు మంచోడు కాదు."

"మరి గింత పెద్ద ఫైర్‌వాల్ ఉండంగ ఎట్లొచ్చిండు?"

"నీ కంప్యూటర్‌తోని వచ్చిన ఫైర్‌వాల్ ఉంది సూడు, పిలవకుండ బయటి నుంచి చొరవడేటోన్ని అదే ఆపుతది. ఇంట్ల వాడుకునేటోళ్ళకు అది సాలు. దాన్ని బంద్ జెయ్యద్దు, అప్‌డేట్లు ఆపద్దు. గంతే. వీన్ని ఇంట్ల నుంచే ఎవలో పిలిసిండ్రు. పిలిస్తే వచ్చిండు."

"కొత్తది అడిగింది గద, పోనియ్యాల్నా అని."

"అడిగింది. అవునని నొక్కిండ్రు. ఆడే నొక్కిండో, ఆడు నొక్కుమంటే మీరు నొక్కిండ్రో."

గుమ్మం దగ్గరి గిరాకీ వింటూనే ఉన్నాడు. సీపీయూను అక్కడే వదిలేసి, ఖాళీ దుప్పటి చంకలో పెట్టుకొని బస్టాండుకు నడిచాను.

బస్సులో అనుమానం ఇంకో ముఖం వైపు తిరిగింది. నేను ఊళ్ళో లేని రోజు, ఇంట్లో ఆయన ఒక్కడే. నాకెందుకు అబద్ధం చెప్పాడు? ఎవరిని పిలిచాడు? మంథని నుంచి వచ్చినప్పటి నుంచీ నేను గదిలోకి వస్తే ఆయన ఫోన్ బోర్లా పెట్టడం గుర్తొచ్చింది. మందమర్రి చేరేలోపు చెప్పుకోలేని ఊహలన్నీ చేశాను. ఇరవై రెండేళ్ళ కాపురం అంత చిన్న బస్సు దారిలో అంత పలచన అవుతుందని నేను అనుకోలేదు.

ఆయన డ్యూటీ నుంచి వచ్చి, స్నానం చేసి, తినడానికి కూర్చున్నాడు. అన్నం వడ్డించి, "మంగళవారం మన కంప్యూటర్ల ఎవలొచ్చిండ్రు?" అని అడిగాను.

ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "బెల్లంపల్లి పోయినవా?"

"పోయిన. గా మనిషిని పదిమందిల దొంగను జేసిన. నువ్వు జెప్పిన మాట పట్టుకొని."

అప్పుడు చెప్పాడు. ఆ మంగళవారం ఆయన నెట్‌లో పింఛను కాగితం ఏదో వెతుకుతుంటే తెర మొత్తం ఎర్రబడి సైరన్ మోగిందట. కంప్యూటర్ ఆపితే అన్నీ పోతాయని ఒక ఆడగొంతు చెబుతూనే ఉందట. కింద ఒక నంబరు ఉంటే దానికి చేశాడు. అవతల ఒకతను హిందీలో ఎంతో మర్యాదగా మాట్లాడాడు. లోపలికి వచ్చి చూస్తానని ఏదో నొక్కమన్నాడు, ఈయన నొక్కాడు. అతను తెర మీద బారెడు పట్టీ తెరిచి, ఇవన్నీ మీ ఇంట్లో దూరడానికి చూస్తున్నవాళ్ళ గుర్తులని చెప్పాడు. కంప్యూటర్‌తో వచ్చిన ఫైర్‌వాల్ మీద నవ్వి, అది పిల్లలాట అన్నాడు. తానే ఎర్ర డాలు తెచ్చి పెట్టాడు. దానికి డబ్బు కట్టాలంటే ఈయన కార్డు నంబరు చెప్పాడు.

"నీ పేపర్లు పోతయేమోనని పరేషాన్ అయిన," అన్నాడు. "నువ్వొచ్చేసరికి బాగుండాలని."

"నాకెందుకు జెప్పలే?"

చేతిలోని ముద్దను కంచంలో పెట్టేశాడు. "నేను సరే అంటెనే మంది లోపలికి దిగుతరు. గసొంటోన్ని, ఒకడు ఫోన్ల మాట్లాడి మోసం జేసిండంటె ఏం ముఖం పెట్టుకొని జెప్పాలె? ఫోన్ మోగితె ఆడేమోనని బోర్ల పెడుతున్న."

ఆయన అన్నం ముందునుంచి లేవలేదు, తినలేదు. నాకు కోపం ఉంది. బస్సులో చేసిన ఊహల సిగ్గు అంతకంటే ఎక్కువ ఉంది. ఆ ఊహల సంగతి నేను ఇప్పటిదాకా ఆయనకు చెప్పలేదు.

మరుసటి పొద్దున ఆయన బ్యాంకుకు పోయి కార్డు ఆపించాడు. పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు ఇచ్చాం. రసీదు ఇచ్చారు. నా ఫోన్‌లోనే పాస్‌వర్డులన్నీ మార్చుకున్నాను.

స్కూలు మేడం దగ్గరికి పోవడమే మిగిలింది. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. ఆ బాణం వెనక ఉన్నవాడికి తొమ్మిదో తరగతి సైన్సుతో పని ఉండదని మా ఆయన కూడా అన్నాడు. అది నిజమే కావచ్చు. కాని వాడు ఆ ఫోల్డర్ తెరవడం నేను నా కళ్ళతో చూశాను. అందుకే పోయాను.

ఆమె మొత్తం విని, "ఇంకెవలకన్న చెప్పినవా?" అని మాత్రం అడిగింది.

"లేదు మేడం."

"చెప్పకు. నేను కొత్తవి రాయిస్త." నా దగ్గరున్న చేతిరాత కాగితాలన్నీ తీసుకొని బీరువాలో పెట్టి తాళం వేసింది. అర్ధ సంవత్సర పరీక్షలకు పిల్లలు చేతిరాత పేపర్ల జిరాక్సులతో రాశారు. వార్షిక పరీక్షలకు మళ్ళీ కవరు పట్టుకొని వచ్చింది. ఈసారి కవరు అంటించిన చోట అడ్డంగా ఆమె సంతకం ఉంది.

షాపాయన నా కంప్యూటర్‌ను పూర్తిగా తుడిచి, అన్నీ కొత్తగా ఎక్కించాడు. ఎర్ర డాలు పోయింది. దానితోపాటు వచ్చిన పెట్టెలూ పోయాయి. నాకొక సందేహం ఇంకా తీరలేదు. ఆ అదనపు ఫైర్‌వాల్ అవసరం లేదన్నాడు ఆయన, ఒప్పుకున్నాను. కాని అది ఆ రోజు అడగకపోయి ఉంటే, ఆ రెండో పేరు నా కంట పడేదా? ఇదే అడిగాను.

"కంట పడ్డది గని, ఆపలే గద అక్కా," అన్నాడు. "ఆఖరికి నువ్వు ప్లగ్గు పీకినవ్."

అప్పుడే చెప్పాను, "తమ్మీ, ఆ రోజు అనరాని మాట అన్న. మనసుల పెట్టుకోకు."

"ఫికర్ జెయ్యకక్కా," అన్నాడు. ముఖం మామూలుగానే ఉంది.

ఆ తర్వాత కూడా బాగుచేయాల్సి వస్తే ఆయన దగ్గరికే పోతున్నాను. పలకరిస్తాడు, చాయ్ తెప్పిస్తాడు, అవ్వ కన్ను ఎట్లుందని అడుగుతాడు. పని అయ్యాక ఒక కాగితం తీసి, ఏం తెరిచాడో, ఏం పెట్టాడో, ఏం తీసేశాడో టైముతో సహా రాసి నా ముందు పెడతాడు. చదివి సంతకం చేస్తాను. ఒక కాపీ నాకిచ్చి, ఇంకొకటి ఫైల్లో పెట్టుకుంటాడు. పక్కన కూర్చున్న మిగతా గిరాకీలకు అలాంటి కాగితం రాసి ఇవ్వడం నేను ఎప్పుడూ చూడలేదు.