జమ్మిచెట్టు వెనక గుర్రం

కల్వకుర్తిలో ఫ్లెక్సీలు డిజైన్ చేస్తాను. పుట్టినరోజుకైనా, చావుకైనా, పార్టీ మారినా అవే అక్షరాలు. షాపు మీది కిరాయి గదిలో ఒక్కణ్ణే ఉంటాను. బాపు పోయాక మా ఊళ్లో నాకు మిగిలిన చుట్టరికం ఏడాదికి ఒక్క సాయంత్రమే. దసరా నాడు ఊరంతా జమ్మిచెట్టు దగ్గర చేరుతుంది. ఆకు తెంపి, బంగారమంటూ ఒకరి చేతిలో ఒకరు పెట్టి, అలాయ్ బలాయ్ తీసుకుంటారు. ఆ పూట నన్ను నలభై మందైనా కౌగిలించుకుంటారు. మిగతా ఏడాదంతా దాంతోనే సరిపెట్టుకోవాలి.

ఆ చెట్టున్న చెలకను పట్నం సేటు ఒకాయన కొని, గుర్రప్పందేల మైదానం కట్టాడు. చెట్టు సరిగ్గా చివరి మలుపులోకి వచ్చింది. చూసేవాళ్లకు గుర్రాలు కనబడవని కొట్టేయిస్తానన్నాడు. ఊరివాళ్లు బతిమాలినా వినలేదు.

మైదానం లోగో పని మా షాపుకొచ్చింది. నాకు గుర్రం గీయడం రాదు. మొదటిది చూసి సేటు, "గిది గుర్రమా, మేకనా?" అని అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. గుర్రం కాళ్లు కనబడకుండా దానికి అడ్డంగా మా జమ్మిచెట్టు గీసి పెట్టాను. ఆయనకు తెగ నచ్చింది. గేటు మీద, టోపీల మీద, చాయ్ కప్పుల మీద అదే బొమ్మ. ఇక చెట్టును కొట్టలేకపోయాడు.

"చెట్టును కాపాడినవ్ కొడుకా. మీ బాపు ఉంటే ఎంత మురుస్తుండెనో," అంది ఊళ్లో మా పక్కింటి అవ్వ. కాళ్ల సంగతి నేను చెప్పలేదు.

లోగోలో ఉన్న చెట్టు కదా, సేటు దాన్ని విలువైన వస్తువు కింద జమకట్టాడు. దసరా నాడు ఊరంతా కలిసి వెళ్తే మైదానం గేటుకు తాళం. లోగో గీసినందుకు పాసు ఉన్నది నాకొక్కడికే. అందరికీ నేనే తెంపుకొస్తానని లోపలికి వెళ్లాను.

రెండు గుప్పిళ్ల ఆకుతో తిరిగొస్తే వాచ్‌మన్ అడ్డం నిలబడ్డాడు. ఉత్తరాది నుంచి వచ్చిన పెద్దాయన. ఒక్క ఆకు కూడా బయటికి పోవద్దని సేటు ఆర్డరట. నాకొచ్చిన హిందీ అంతా ఖర్చుపెట్టాను. సేటు ఫోన్ ఎత్తలేదు.

"పొద్దు గూకుతాంది, మేం పక్కూరి జమ్మికాడికి పోతం. నువ్వు ఎన్క రా," అని గేటు అవతలి నుంచి ఎవరో అన్నారు. ట్రాక్టర్లు కదిలాయి.

ఆకంతా వాచ్‌మన్ చేతుల్లో పోశాను. పెద్దవాడు కాబట్టి కాళ్లకు మొక్కి, కౌగిలించుకున్నాను. మా పండుగ సంగతి తెలియని ఆ మనిషి, ఆకు కింద పడకుండా పట్టుకుని, నేను వదిలేదాకా కదలకుండా నిలబడ్డాడు.