గుర్రుమనే దొర

ఆ రోజుల్లో ప్రేమంటే అందులో కాస్త ప్రాణభయం ఉండాలని గట్టిగా నమ్మేదాన్ని. మామూలుగా వచ్చి, మామూలుగా పలకరించి, "తిన్నవా?" అని అడిగే మగవాడు నా లెక్కలో మగవాడే కాదు. కరీంనగర్‌లో డిగ్రీ ఆఖరి సంవత్సరం చదువుతూ, పొద్దున బస్సులో, సాయంత్రం బస్సులో, మధ్యలో ఎకనామిక్స్ క్లాసులో (మేడం క్షమించాలి) నేను ఫోన్లో చదివిందల్లా డార్క్ ఫాంటసీ ప్రేమ నవలలే. అన్నీ ఇంగ్లీషువి. వాటిలో హీరోకి కొమ్ములో, రెక్కలో, అవేవీ లేకపోతే ఓ శాపమో తప్పకుండా ఉంటుంది. వందల ఏళ్లుగా నవ్వి ఎరగడు. హీరోయిన్ కనబడగానే ఇద్దరి మణికట్ల మీదా ఒకేలాంటి నల్లటి గుర్తు పడుతుంది. ఇంకంతే, వాళ్లు పుట్టకముందే ఒకరికొకరు రాసిపెట్టి ఉన్నారన్నమాట. కాదని దూరంగా పోతే ఆ గుర్తు నిప్పులా కాలుతుంది. ఇవన్నీ చదివి నేను స్నానం చేసినప్పుడల్లా నా మణికట్టు తిప్పి తిప్పి చూసుకునేదాన్ని. ఒకరోజు నిజంగానే ఓ నల్ల గీత కనబడి గుండె ఝల్లుమంది. సబ్బు పెట్టి రుద్దితే పోయింది. (బస్సు కడ్డీ మసి.)

మాది కరీంనగర్‌కి గంట దూరంలో ఉన్న చిన్న పట్నం. వాడ నిండా నేతపనివాళ్లే. బాపు మరమగ్గాల మీద పనిచేసేవాడు, వాటిని మేం సాంచాలంటాం. ఆడవాళ్లు బీడీలు చుట్టేవాళ్లు. మధ్యాహ్నం కాగానే మా ఇంటి ముందు రేకుల పందిరి కింద చాటలు పెట్టుకుని నలుగురూ కూర్చునేవారు: మా అవ్వ (అంటే అమ్మ), మా నాయినమ్మ, చెవులకు పాతకాలపు గంటీలు వేలాడే గంటీల పెద్దమ్మ, మేం ఖాలా అని పిలిచే పక్కింటి ముస్లిం పిన్ని. సెలవురోజున నేను గుమ్మంలో కూర్చుని చదువుకుంటుంటే గంటీల పెద్దమ్మ ఊరుకోలేకపోయింది. "ఏందే పొల్లా, ఫోను చూసుకుంట ఒక్కదానివే నవ్వుతున్నవ్, ఒక్కదానివే కండ్లు తుడుసుకుంటున్నవ్? మాకు సుత చెప్పరాదే. చేతులకు పనున్నది గని చెవులు ఖాళీగనే ఉన్నయి" అంది. అడిగిందే తడవు, నేను ఇంగ్లీషులో చదువుకుంటూ తెలుగులో చెప్పడం మొదలుపెట్టాను. అందులో హీరో చీకటి లోకపు యువరాజు. యువరాజు అన్న మాట వాళ్ల నోటికి రాలేదు. మొదటిరోజే నల్లదొర అని పేరు పెట్టేశారు.

తొలి అధ్యాయంలోనే నల్లదొర ఆ పిల్లను చూసి గుర్రుమన్నాడు. చాటల మీద చేతులు ఆగిపోయాయి. "గుర్రుమన్నడా? పానం మంచిగ లేదా ఏంది?" అని మా అవ్వ. "కాదవ్వా, ప్రేమతోటి" అన్నాను. గంటీల పెద్దమ్మ కాసేపు ఆలోచించి, "మా ఇంటాయన సుత పొద్దుందాక గుర్రుమంటనే ఉంటడు. గది ప్రేమ అని నాకెర్కనే లేకపాయె ఇన్నొద్దులు" అంది. నల్లదొర రాజ్యం భూమి లోపల ఉంటుందనీ, అక్కడ సూర్యుడు కనబడడనీ నేను గొంతు తగ్గించి భయం భయంగా చెబితే, "అంటే బొగ్గుబాయి కదనే! మరి దొరది ఏ షిఫ్టు?" అని అడిగింది. ఇక విధి, బంధం, ఆత్మల కలయిక అని నేను అరగంట సేపు వివరించాక ఆమె ఒక్క ముక్కలో తేల్చేసింది. "గింత చెప్పుడెందుకే? పుట్టకముందే రాసిపెట్టిండ్రంటే మేనబావ అన్నట్టు."

ఖాలాకు మాత్రం దొర అస్సలు నచ్చలేదు. అతను పిల్లను ఎత్తుకుని గుహలోకి తీసుకుపోయిన రోజున బీడీ పక్కన పెట్టేసి, "గా దొరకు అమ్మీ లేదా బేటా? కొడుకు గిట్ల ఆడపిల్లను పరేషాన్ చేస్తుంటె చెంప మీద ఒకటి ఇయ్యద్దా?" అని గట్టిగానే అడిగింది. "దొరలు గట్లనే చేస్తరు, వాళ్లకు మన ఇష్టంతోటి ఏం పని?" అని అవ్వ వంత పాడింది. నా దొరను అంత మాటంటారా అని నాకు రోషం వచ్చేసింది. లేచి నిలబడ్డాను. (ఆ రోజు నేను మాట్లాడినట్టు కాలేజీ వక్తృత్వ పోటీలో మాట్లాడి ఉంటే ఓ కప్పు వచ్చేది.) "రాసిపెట్టి ఉన్న కట్టును మనుషులు తెంపలేరు! ఆ పిల్లకు ఇయ్యాల్ల తెలుస్తలేదు గని, అతనితోటే ఆమెకు మంచిగుంటది. కాదన్నకొద్ది మణికట్టు కాలుతది. ఒప్పుకుంటెనే శాంతి!" అన్నాను. నా కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి. పందిరి కింద అందరూ మెత్తబడ్డారు. ఖాలా కూడా "గంతగనం ప్రేమ ఉంటె సరే తియ్యి" అంది.

అప్పటిదాకా ఆకు కత్తిరిస్తున్న మా నాయినమ్మ తల ఎత్తింది. "శాన మంచిగ చెప్పినవ్ బిడ్డా. గిదే ముచ్చట నువ్వు పుట్టిననాడు నేను చెప్పిన. నీ మేనత్త ఐతారం వస్తుంది. బావను సుత తోలుకొస్తుంది. ఎండకాలంల లగ్గం పెట్టుకుందం."

మా మేనత్తది చెన్నూరు. నేను పుట్టినప్పుడు నాయినమ్మ నన్ను చేతుల్లోకి తీసుకుని "గిది నా బిడ్డ కొడుక్కే" అందట. ఆ మాట ఇంట్లో గోడలాగా అలా నిలబడి ఉంది, నేను దాని పక్కనుంచి నడవడం అలవాటు చేసుకున్నాను. బావ శ్రీరాంపూర్ బొగ్గుబాయిలో పనిచేస్తాడు. పాపం మంచివాడు. వచ్చినప్పుడల్లా అందరినీ "తిన్నవా?" అని అడుగుతాడు. జన్మలో గుర్రుమనలేదు, మహా అయితే తుమ్ముతాడు. నేనేమో బీఈడీ చేసి టీచర్ కావాలనుకుంటున్నాను. ఎండాకాలంలో లగ్గమంటే ఆ చదువు అక్కడితో సరి. నాకొద్దని అవ్వతో అంటే, "అగో! మరి నిన్ననే కట్టు తెంపద్దంటివి?" అంది. గంటీల పెద్దమ్మ నవ్వి నవ్వి కళ్లు ఒత్తుకుంది. "భూమి కిందికెల్లి మొకమంత నల్లగ చేసుకోని వస్తుండు, పుట్టకముందే రాసిపెట్టి ఉన్నడు. నల్లదొర నీ ఇంటికే వస్తుంటె ఒద్దంటవేందే? ఫోన్ల అయితె మంచిది, ఇంట్ల అయితె చేదా?"

ఇదీ నా పరిస్థితి. బావను కాదనాలంటే నా దొరను కాదనాలి, దొరను నెత్తిన పెట్టుకుంటే బావను చేసుకోవాలి. రెండురోజులు అన్నం సహించలేదు. ఇక లాభం లేదని నవలను మార్చడం మొదలుపెట్టాను. ఇంగ్లీషు వాళ్లెవరికీ రాదు కదా! ఆ మధ్యాహ్నం నల్లదొర చేత పిల్ల తాగే పాలలో విషం కలిపించాను. మర్నాడు ఆమె చెల్లెల్ని చెరసాలలో వేయించాను. కానీ నేనే ఇంతకుముందు ఆ దొరను అంత బాగా చెప్పి పెట్టానాయె, ఒక్కరూ నమ్మలేదు. "మొన్న పొల్ల కోసం రెక్క ఇరగ్గొట్టుకున్నోడు ఇయ్యాల్ల ఇసం పెడతడా? జర సోంచాయించు బేటా, నువ్వు సరిగ సదువుతలేవు" అని ఖాలా నన్నే మందలించింది. మొదట్లో చెంప మీద ఇవ్వాలన్న మనిషే ఇప్పుడు దొర తరఫున వకాల్తా పుచ్చుకుంది. నాయినమ్మ మాత్రం పెదవి చివర నవ్వుకుంటూ ఉంది.

ఆదివారం రానే వచ్చింది. మేనత్త కొత్త చీరలో, బావ ఇస్త్రీ అంగీలో దిగారు. బాపు సాంచాల దగ్గరినుంచి ఇంకా రాలేదు. వచ్చాకే లగ్గం మాటలు మొదలుపెడదామన్నారు. ఈలోగా చాయ్ ఇచ్చారు. బీడీల పని ఆగదు కదా, పందిరి కింద ఎప్పటిలాగే చాటలు పరిచారు. "ఇయ్యాల్ల కట్టు కట్టే దినం కదనే, సదువు సదువు" అని గంటీల పెద్దమ్మ నన్ను పొడిచింది. నిజంగానే నవలలో ఆ రోజు అదే ఘట్టం. ఫోన్ తీశాను. బావ అరుగు మీద కూర్చుని సాసర్‌లో చాయ్ పోసుకుని వింటున్నాడు. నల్లరాతి మండపం, చుట్టూ దివిటీలు, ఇద్దరి మణికట్లూ ఎర్రగా కాలుతున్నాయి, పిల్ల వద్దు వద్దని ఏడుస్తోంది. "పాపం, పొల్లను ఒక్కమాట అడిగితె ఏంబోయె?" అని అవ్వ ముక్కు చీదింది.

అప్పుడు బావ, ఎవరివైపూ చూడకుండా, సాసర్‌లోకి చూస్తూ అన్నాడు. "మరి దొరను ఎవలన్న అడిగిండ్రా?"

ఎవరికీ అర్థం కాలేదు. "ఏమడుగాల్నురా?" అంది నాయినమ్మ.

"ఇష్టమేనా అని. ఆయన మణికట్టు సుత కాలుతుంది కద, అమ్మమ్మా."

అన్ని నవలలు చదివాను, ఎందరి కోసమో కళ్లొత్తుకున్నాను, ఆ ప్రశ్న ఒక్కసారి కూడా నాకు తట్టలేదు. నాయినమ్మ చాట పక్కకు జరిపి, బావవైపు తిరిగి, "నిన్నడుగుతున్న బిడ్డా. నీకు గీ లగ్గం ఇష్టమేనా?" అంది. బావ చెవులు ఎర్రబడ్డాయి. "కోపం చెయ్యకు అమ్మమ్మా. నాకు గీమె అంటె భయం. చిన్నప్పుడు నన్ను మోరిల తోసింది. బాయిల దిగేటప్పుడు సుత గింత భయం గాదు" అన్నాడు. ఒక్కసారిగా అందరూ ఘొల్లుమన్నారు. నిజం చెప్పొద్దూ, నాకు ఒళ్లు మండిపోయింది. నేను ఇతన్ని వద్దనుకోవడం వేరు, ఇతను నన్ను వద్దనడం వేరు! అయినా మోరీలోకి, ఆ మురిక్కాలవలోకి తోసింది నిజమే గనుక నోరు మూసుకున్నాను.

నాయినమ్మ మాత్రం నవ్వలేదు. తంబాకుతో నల్లబడిన బొటనవేలు చూసుకుంటూ, "నేను తొట్లెల ఉన్ననాడే మీ తాత పేరు పెట్టిండ్రు నా మీద. నన్నెవ్వలడుగలే. అడిగితె ఏం చెప్తుంటినో, నాకు సుత ఎర్కలే" అంది. తర్వాత నావైపు తిరిగింది. "నువ్వు చెప్పు బిడ్డా." ఆ ప్రశ్న కోసం ఎన్ని డైలాగులు తయారుచేసుకున్నానో! ఒక్కటీ గుర్తురాలేదు. "సదువుకుంట నాయినమ్మా" అని మాత్రం అనగలిగాను. మేనత్త చాయ్ కప్పు ఠకీమని కింద పెట్టి, "మరి గిన్నేండ్ల మాట ఏం గావాలె?" అంది. "మాట ఇచ్చింది నేను, తీస్కుంటున్నది సుత నేనే. నువ్వు చాయ్ తాగు" అంది నాయినమ్మ. మేనత్త రెండేళ్లు మాతో మాట్లాడలేదు, అది వేరే సంగతి.

"ఇగ గా కత ఒడగొట్టు. పొల్లను సుత ఒద్దనని చెప్పు" అని, కథ ముగించమని నాయినమ్మే హుకుం వేసింది. ఫోన్ వైపు చూడకుండానే చెప్పాను: ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి నీకిష్టమా, నీకిష్టమా అని అడుక్కున్నారు. ఇద్దరూ కాదన్నారు. "మరి మణికట్టు మీద గుర్తు?" అని గంటీల పెద్దమ్మ పట్టు వదల్లేదు. ఆ గాభరాలో నాకు తోచింది ఒక్కటే. "సబ్బు పెట్టి రుద్దితె పోయింది" అన్నాను. ఖాలా రెండు చేతులూ గాల్లోకి ఎత్తింది. "హాయ్ అల్లా, సబ్బుతోటి పోయేదానికి గింత పరేషాన్ చేసిండ్రా!"

ఆ నవల అసలు ముగింపు నేను ఇప్పటికీ చదవలేదు. బీఈడీ చేశాను, టీచర్నయ్యాను. నన్ను అడిగి, నేను అడిగి, ఒకాయన్ను పెళ్లి చేసుకున్నాను. ఆయన గుర్రుమంటాడు కూడా. నిద్రపోయాక మాత్రమే. బావ శ్రీరాంపూర్‌లో తనకు నచ్చిన అమ్మాయిని చేసుకున్నాడు. పోయినేడు వాళ్ల పాపను ఉయ్యాల తొట్లెలో వేసిన రోజున చెన్నూరు వెళ్లాం. వేడుక మధ్యలో బావ వాళ్ల అక్క తన బుడ్డోణ్ని చంకనేసుకుని తొట్లె మీదికి వంగి, "గీ పొల్ల మా వోనికే..." అనబోయింది. మూలన కుర్చీలో కునుకుతోందనుకున్న నాయినమ్మ కళ్లు తెరిచింది. "నోర్ముయ్యే! దానికి మాటలు రానియ్యి ముందుగాల. అడుగుదం. వాన్ని సుత అడుగుదం" అంది. బావ నావైపు చూసి, తన మణికట్టు ఎత్తి, సబ్బుతో రుద్దుతున్నట్టు చేసి చూపించాడు. నేను నవ్వుతూనే నా మణికట్టు చూసుకున్నాను. గాజుల ఒరిపిడి తప్ప అక్కడ ఏమీ లేదు. దొర కోసం అక్కడ రోజూ వెతుక్కున్న ఆ డిగ్రీనాటి పిచ్చిపిల్ల గుర్తొచ్చి, దాన్ని ఒకసారి దగ్గరికి తీసుకుని "తిన్నవా?" అని అడగాలనిపించింది.