చువ్వల మొదట్లో పోసిన నీళ్లు

నాకు ఒకచోట కుదురుగా నిలబడటం చేతకాదు. ఆ ఎండాకాలం చర్ల అవతలి గూడెంలో అయితే మరీ కాలుగాలిన పిల్లిలా తిరిగాను. మర్నాడు పొద్దున రిగ్గు బండి వస్తుంది. గూడెం మొత్తానికి మంజూరైంది ఒకే ఒక్క బోరు. అది ఎక్కడ వేయాలో సాయంత్రంలోగా చెప్పాల్సింది నేను.

నా పని చెప్పడానికి తేలికే. వరసగా ఇనుప చువ్వలు దిగ్గొట్టి, కేబుల్ తగిలించి, నేలలోకి కరెంటు పంపాలి. తడి ఉన్నచోట సులువుగా పోతుంది, ఎండు రాయి దగ్గర మొరాయిస్తుంది. ఆ తేడాలన్నీ ల్యాప్‌టాప్‌లో రంగుల బొమ్మగా వస్తాయి. నీలం కనిపిస్తే నీళ్లకు ఆశ, ఎరుపంటే రాయి, పచ్చ ఆ రెంటికీ మధ్య. కానీ ఎండిన పైమట్టి కరెంటును లోపలికే రానివ్వదు. ప్రతి చువ్వ మొదట్లో ఉప్పునీళ్లు పోయాలి. జీపులో తెచ్చిన డబ్బా సగం వరసకే అయిపోయింది. ఎవరి మీదో తెలియకుండానే చిర్రెత్తుకొచ్చింది.

పక్క గుడిసె పెద్దావిడ నీళ్లు ఇప్పించింది. నెలలు నిండిన ఆమె కోడలు వాగు ఇసుకలో తవ్విన చెలమ నుంచి అప్పుడే మోసుకొచ్చిన రెండు బిందెలు. వాటిలో ఉప్పు కలిపి మట్టిలో పోస్తుంటే ఆ అమ్మాయి గుంజకు ఆనుకుని చూస్తూ కూర్చుంది. సిగ్గేసింది. అయినా పోశాను.

బొమ్మ వచ్చింది. నీలం ఉంది, ఫారెస్టు హద్దురాయికి అవతల. అక్కడికి రిగ్గును రానివ్వరు. గూడెం కింద అంతా ఎరుపే, గుడిసెల వెనక మాత్రం సన్నటి పచ్చ చార. ల్యాప్‌టాప్ మూశాను, తెరిచాను, మళ్లీ మూశాను. పెద్దావిడ వచ్చి ఎదురుగా కూర్చుంది.

"ఉత్తగ చెప్పకు సారూ. పడ్తదా, పడదా?"

సగం నమ్మకమే ఉందన్నాను.

"సగమున్నా బోరు ఏపియ్యి. పడ్తే కానుపు దాకన్న పిల్లకు వాగు తప్పుతది."

ఆ సాయంత్రమే పచ్చ చార మీద పాయింటు పెట్టాను. పొద్దున రిగ్గు వచ్చాక కొబ్బరికాయ నాచేతే కొట్టించారు. గూడెమంతా చుట్టూ చేరింది. తెల్లటి దుమ్ము లేచింది, లేస్తూనే ఉంది. రాడ్డు దిగినప్పుడల్లా, నీళ్లు తగిలితే పైకొచ్చే బురద కోసం చూశాను. ఇంకో రాడ్డు వేయాలా అని రిగ్గు మనిషి అడిగాడు. వేయమన్నాను. మళ్లీ దుమ్మే.

ఆపమని నేను చెప్పకముందే కోడలు గుంజ పట్టుకుని లేచి, బిందెలు తీసుకుని వాగు దారి పట్టింది.