కాగితం మీద తగ్గిన భయం

దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో పన్నెండేళ్లు లెక్కలు చెప్పాను. ఒకరోజు పాఠం మధ్యలో ఊపిరాడలేదు. గుండె ఆగిపోతోందనుకున్నాను. ఆసుపత్రిలో పరీక్షలన్నీ చేసి గుండెకేమీ లేదన్నారు. కానీ ఆ తర్వాత క్లాసు గుమ్మం దాటడం నా వల్ల కాలేదు. సెలవు పెట్టాను.

ఎల్బీనగర్‌లో ఒక కౌన్సెలర్ దగ్గరికి వెళ్లడం మొదలుపెట్టాను. వయసులో నాకంటే చిన్నది. భయపడే చోటికే కొద్దికొద్దిగా వెళ్లి నిలబడడం నేర్పే చికిత్స అది. వెళ్లిన ప్రతిసారీ ముందు ఒక కాగితం నింపాలి. భయం ఎంత వేసింది, నిద్ర పట్టిందా, బతకడమెందుకు అనిపించిందా... ఒక్కోదానికి సున్నా నుంచి మూడు. మొత్తం ఎంత తగ్గితే అంత మేలు.

మొదట నిజమే రాశాను. మూడో వారం ఆమె ముఖంలో దిగులు చూసి ఒక మూడుని రెండు చేశాను. తర్వాత అలవాటైపోయింది. బాగుపడకపోతే ఆమె కూడా నన్ను వదిలేస్తుందేమోనని భయం. నాకు ఇంకో దారి లేదు.

ఎనిమిదో వారం ఆమె గ్రాఫు చూపించింది. "చూడున్రి సార్, ఎంత తగ్గిందో! ఇంకో రెండుసార్లు ఒస్తే చాలు."

బయటికొచ్చి మెట్రో మెట్ల మీద కూలబడ్డాను. బాగుపడ్డానని కూడా వదిలేస్తారని నాకు తట్టలేదు. నా భార్యకి ఫోన్ చేసి కాగితం సంగతి చెప్పాను. ఆమె ఆటోలో వచ్చి, ఇంటికి కాకుండా నేరుగా మళ్లీ ఆ గదికే తీసుకెళ్లింది.

"తగ్గిందని రాశారా అండీ ఈయన? స్నానానికెళ్లినా గడియ పెట్టుకోవట్లేదు. నన్ను తలుపు బయట నుంచోమంటున్నారు" అంది.

కౌన్సెలర్ నావైపు చూసింది. "నిజమా సార్?"

"అన్నీ అబద్ధాలే రాశాను మేడమ్."

ఆమె కోప్పడలేదు. "తప్పు నాది గూడ ఉంది సార్. క్లాసుకు పోయిన్రా లేదా అని ఒక్కసారన్న గట్టిగ అడగలే. కాయితమే చూసిన. గీ పద్ధతి మీకు పనిచేస్తున్నదో లేదో నాకిప్పుడు ఏం తెల్వదు."

ఆ మాటకి నాకు ఏడుపు ఆగలేదు. భార్య ముందు అలా ఏడవడం అదే మొదలు.

కౌన్సెలర్ నన్ను ఒక సైకియాట్రిస్టు దగ్గరికి పంపింది. మందులు వేసుకుంటూ చికిత్స మళ్లీ మొదటి మెట్టు నుంచి మొదలుపెట్టాం. ఇప్పుడు నాతోపాటు నా భార్యనీ అడుగుతుంది.

నాలుగు నెలలైంది. కోచింగ్ సెంటర్ వరండా దాకా వెళ్లగలుగుతున్నాను. మొన్న లోపల కొత్త మాస్టారు పాఠం చెబుతుంటే గోడకానుకుని విన్నాను. ఆయన ఒకచోట ప్లస్‌ని మైనస్ అన్నాడు. చెబుదామని నోరు తెరిచాను. మాట రాలేదు. కిందికి దిగొచ్చేశాను.